టేపు పెట్టినచోటే పట్టీ

ఆ వేసవిలో నేను చేసినదాన్ని మా వీధివాళ్లు ఇప్పటికీ మెచ్చుకుంటారు. కొత్తగా అద్దెకు దిగినవాళ్లకు నన్ను వేలెత్తి చూపించి, "ఈవిడ లేకపోతే మన వెనక అడవి ఉండేది కాదు" అంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. అడవి కోసం నేను చేసింది ఏమీ లేదు. చేసిందంతా మా తమ్ముడి మీద కక్షతో చేశాను. అందులో అడవి మిగిలింది.

అది నిజానికి అడవి కూడా కాదు. మా ఇళ్ల పెరటి గోడలకు అవతల అయిదెకరాల చెట్లు, మధ్యలో సన్నటి వాగు, వాగు మీద వంతెనలాగా ఎవరో పడేసిన పాత కరెంటు స్తంభం. తుమ్మలు ఎక్కువ, అత్తి చెట్లు కొన్ని, మిగతావి పేరు తెలియని పొదలు. మెయిన్ రోడ్డు మీద ఎండకు మాడిపోతూ వచ్చిన మనిషి మా వీధి మలుపు తిరగ్గానే "అమ్మయ్య" అంటాడు. ఆ "అమ్మయ్య" ఆ చెట్లది. చుట్టుపక్కల వీధుల్లో బోర్లు ఎండిపోయినా మావి ఎండకపోవడానికీ అవే కారణం.

చెట్లు కొలవడం మా ఇంటి పని. నాన్న పురపాలక ఆఫీసులో చెట్ల కొలతగాడు. నేనూ, తమ్ముడూ ఆయన వెనక తిరిగి పని నేర్చుకుని, ఆయన పోయాక చెరొక లైసెన్సూ తెచ్చుకున్నాం. ఎక్కడ ఏం కట్టాలన్నా ముందు ఆ స్థలంలో చెట్ల లెక్క తీయాలి. నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తున టేపు చుట్టాలి. చుట్టుకొలత రెండడుగులు దాటితే చెట్టు, దాటకపోతే పొద. ఏదైనా సరే, టేపు చుట్టినచోటే తెల్లరంగు పట్టీ వేస్తాం. చెట్టయితే పట్టీ మీద నంబరు కూడా వేస్తాం. తర్వాత చెకింగుకు వచ్చేవాళ్లు సరిగ్గా ఆ పట్టీ మీదే టేపు చుట్టి, మా పుస్తకంలో అంకెతో పోల్చుకుంటారు. మూడొందల చెట్లు తేలితే అది తోపు. తోపులో ఎవడూ ఇటుక పెట్టడానికి లేదు. ఒక్క చెట్టు తక్కువైనా అయిదెకరాలూ చదును చేసుకోవచ్చు.

ముందటి ఏడాది నా లైసెన్సు పోయింది. ఊరి అవతల ఒక స్థలంలో నేను రాసిన లెక్క ఒక కట్టడాల కంపెనీవాళ్లకు నచ్చలేదు. తగ్గించి రాయమన్నారు, రాయనన్నాను. నా కొలతలు తప్పులని ఫిర్యాదు పెట్టారు. ఆఫీసువాళ్లు రెండో కొలతకు ఇంకొకరిని పంపారు. ఆ ఇంకొకడు మా తమ్ముడు. వాడు వెళ్లి కొలిచి, నాకన్నా నలభై చెట్లు తక్కువ రాసి, కింద సంతకం పెట్టి ఇంటికొచ్చి, "ఏం చేయమంటావక్కా, నా పరిస్థితి అలాంటిది" అన్నాడు. నా కాగితం మీద ఆఫీసువాళ్లు "కొలత రాదు" అని రాశారు. ఇరవయ్యేళ్లు టేపు పట్టిన చేతికి ఆ రెండు మాటలు.

ఆ తర్వాత పరదాల షాపులో చేరాను. ఇళ్లకు వెళ్లి కిటికీలు కొలుచుకొచ్చే పని. కొలత రాని మనిషికి ఊళ్లో దొరికింది మళ్లీ కొలతల పనే. అమ్మ ఇంట్లో కూర్చుని ఆ పరదాల అంచులు కుట్టేది. నేనూ అమ్మా కింది వాటాలో, తమ్ముడూ మరదలూ పై వాటాలో ఉండేవాళ్లం. రోజూ మెట్ల దగ్గర ఎదురుపడేవాడు. "తిన్నావా అక్కా?" అనేవాడు. "తిన్నాన్రా" అనేదాన్ని. లోపల కుతకుత ఉడికిపోయేదాన్ని.

ఎండలు ముదిరిన రోజుల్లో మా వీధి మొదట్లో గోడకు నోటీసు అంటించారు. షాపుకు బయల్దేరుతూ చదివాను. వెనక అడవి స్థలంలో నివాస భవనాలు కట్టబోతున్నారట. చెట్ల లెక్క ముగిసిందట. తేలినవి రెండొందల డెబ్బయ్యొక్కటి. తోపు కిందకు రాదు. అభ్యంతరాలుంటే నెల రోజుల్లో తెలపాలి. కట్టేది నా లైసెన్సు ఊడగొట్టిన కంపెనీయే. కొలిచినది ఎవరో చూడకుండానే తెలిసింది. అయినా చూశాను. కింద మా తమ్ముడి సంతకం, చివర తోక తిప్పి.

"వీడు ఎప్పుడు కొలిచాడే?" అని అమ్మను అడిగాను.

"నువ్వు షాపుకెళ్లాక. నీకు చెప్పొద్దన్నాడు."

"నీకు ముందే తెలుసన్నమాట."

అమ్మ మిషను ఆపలేదు. "కంపెనీవాళ్లు ఆఫీసులో వాడికి పర్మనెంటు చేయిస్తామన్నారు. ఈ ఇంట్లో ఒక్కడికైనా స్థిరమైన పని ఉండనీ. నువ్వు నోరు పెట్టకు, నీకు దణ్ణం పెడతాను."

"నా పని పోయినప్పుడు ఎవరికి పెట్టావు దణ్ణం?"

అమ్మ సూది కింద గుడ్డ వంకర తిరిగింది. విప్పి మళ్లీ కుట్టుకుంది.

వీధిలో గొడవ మొదలైంది. ముందుండి నడిపిస్తున్నది డ్రైవరు బాబాయి. బస్సు నడిపి రిటైరైన మనిషి, ఇప్పుడు వీధిని నడపబోయాడు. నూట ఎనభై సంతకాలు పోగుచేసి ఆదివారం పొద్దున్నే నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్, నువ్వోసారి లోపలికి వచ్చి చూడు. రెండొందల డెబ్బై ఏంటి? నా కంటికి అయిదొందలు కనపడుతున్నాయి."

"నీ కంటికి శుక్లం వచ్చింది బాబాయ్. ఒక్కొక్కటి రెండు కనపడతాయి."

"ఎగతాళికేం గానీ, రా."

వెళ్లాను. లైసెన్సు పోయాక అందులో అడుగు పెట్టలేదు. తెల్లటి పట్టీలు ఎంత చక్కగా ఉన్నాయనుకున్నారు! మా తమ్ముడి పేరే పనివాళ్లలో "పట్టీ". గరుకు బెరడు మీద కూడా దారం గుంజి గీసినట్టు వేస్తాడు. కుంచెలను కిరసనాయిలుతో కడిగి గుడ్డలో చుట్టి దాచుకుంటాడు, పెళ్లాన్ని కూడా ముట్టుకోనివ్వడు.

చెప్పులో రాయి దూరితే ఒక తుమ్మకు వీపు ఆనించి, కాలెత్తి దులుపుకుంటున్నాను. బాబాయి నన్ను చూసి నవ్వాడు.

"కిరీటం పెట్టుకున్నట్టున్నావు అమ్మాయ్."

"ఏంటి?"

"నీ తల మీద తెల్లపట్టీ."

నేను అయిదడుగుల మనిషిని. ఇరవయ్యేళ్లుగా ఏ చెట్టు దగ్గర నిలబడ్డా పట్టీ నా గడ్డం దగ్గరికి వస్తుంది. ఎత్తు చూసే గెడ మర్చిపోయిన రోజున నా గడ్డంతోనే పని కానిచ్చేవాళ్లం. అటువంటిది తల దాటి పైకి పోయింది. నేల దిగిందేమోనని పక్క చెట్టుకు నిలబడ్డాను. దానికీ అంతే. ఇంకొక దానికీ అంతే. పదిహేను చెట్లకు అలా వీపులు ఆనించి తిరిగాను. బాబాయి నాకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు.

సంచిలో షాపు టేపు ఉంది. తీసి కొలిచాను. పట్టీ సరిగ్గా అయిదున్నర అడుగుల ఎత్తున ఉంది. ఒక అడుగు పైకి జరిపాడు మా వాడు. తుమ్మలు అయిదడుగుల దగ్గర చీలతాయి. చీలిక కింద కొలిస్తే నిండు చెట్టు, పైన కొలిస్తే రెండు సన్నటి కొమ్మలు. నంబరు లేని ఒక తుమ్మకు నాలుగున్నర అడుగుల దగ్గర టేపు చుట్టాను. రెండడుగుల అయిదంగుళాలు వచ్చింది. పుస్తకంలో దొంగ అంకెలు రాస్తే చెకింగులో దొరికిపోతాడు. అందుకని కొలతే పైకి ఎత్తి, అంకె నిజమే రాసి, పట్టీ అక్కడే వేశాడు. ఎవరు చెక్ చేసినా అంకె కలుస్తుంది. వాడి తెలివికి ఒక్క క్షణం నాకు ముచ్చటేసింది, దాచుకోను. ఆ తర్వాత నవ్వొచ్చింది. చెట్టు పట్టుకుని మరీ నవ్వాను.

"ఏమైందమ్మాయ్?" అని బాబాయి కంగారుపడ్డాడు.

"దొరికాడు బాబాయ్," అన్నాను.

ఆ తర్వాతి రెండు ఆదివారాలూ ఒక్కదాన్నే లోపల తిరిగాను. నంబరు లేనివాటిలో చెట్లు కావలసినవి డెబ్బైమూడు తేలాయి. అంటే మొత్తం మూడొందల నలభైనాలుగు. షాపువాళ్లకు జ్వరమని చెప్పి ఒకరోజు ఆఫీసుకు వెళ్లాను. కౌంటరు దగ్గర పాత గుమస్తానే ఉన్నాడు. నన్ను చూసి ముఖం దించుకున్నాడు.

"కొలత మీద అభ్యంతరం లైసెన్సున్నవాళ్లే పెట్టాలమ్మా. నీకు తెలియందేముంది? మిగతావాళ్లు ఇంకేదైనా అడగొచ్చు. దారి, నీళ్లు, దుమ్ము."

"మిగతా లైసెన్సువాళ్లలో ఎవరైనా పెడతారా?"

"ఆ కంపెనీ మీదా?" అని చుట్టూ చూశాడు. "కొలిచినవాడే తన నోటితో తప్పు కొలిచానని ఒప్పుకుంటే మాత్రం మళ్లీ కొలిపిస్తారు. ఎవడొప్పుకుంటాడు?"

"నా లైసెన్సు సంగతి?"

"దానికీ అంతే. రెండో కొలత వేసిన మనిషి తన లెక్క తప్పని రాసివ్వాలి. ఈ ఆఫీసులో అతని మాట చెల్లినంతకాలం ఎప్పుడిచ్చినా సరే. నీ ఫైలు మూయలేదు, అలాగే ఉంచాను."

రెండు తాళాలకూ ఒకటే చెవి. ఆ చెవి రోజూ రాత్రి మా పై వాటాలోనే గుర్రుపెట్టి నిద్రపోతుంది.

ఆ సాయంత్రం వాడు మెట్ల మీద కూర్చుని కుంచెలు కడుక్కుంటున్నాడు. మరదలు పై మెట్టు మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. నేను వాడికి ఒక అవకాశం ఇచ్చాననే చెప్పుకుంటాను. నిజంగా ఇచ్చానో, ఇచ్చినట్టు నటించానో నాకే తెలియదు.

"ఒరే, వెనక చెట్లు ఈమధ్య సన్నబడ్డాయా?"

వాడి చెయ్యి ఆగింది. "అంటే?"

"ఏం లేదు. మన చిన్నప్పుడు అందులో లావుపాటి చెట్లు చాలా ఉండేవి కదా అని."

"చిన్నప్పుడు అన్నీ లావుగానే కనపడతాయి."

"ఒకసారి మళ్లీ కొలిచి చూస్తే పోయేదేముంది?"

"అక్కా," అన్నాడు కుంచె దులుపుతూ. "కొలతల సంగతి నీకెందుకు చెప్పు? పరదాలు చూసుకో."

మరదలికి మాట ఎబ్బెట్టుగా అనిపించినట్టుంది. "ఏంటండీ ఆ మాట? వదిన మీకు పని నేర్పిన మనిషి" అంది.

"నేర్పింది నాన్న. తను కాదు."

నేను లోపలికి వెళ్లి తలుపేసుకున్నాను. పుండు మీద కారం పడ్డట్టు మండింది. ఆ మంటలోనే తోవ దొరికింది. వాడు దేన్ని చూసుకుని మురుస్తాడో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? నన్ను కొలత రానిదాన్ని చేశాడు. వాడికేది రాదని అంటే ప్రాణం మీదికి తెచ్చుకుంటాడో నాకు తెలుసు.

అర్జీ నేనే రాశాను, సంతకం బాబాయి పెట్టాడు. కొలత అన్న మాట అందులో ఎక్కడా లేదు. "చెట్లకు వేసిన రంగు పట్టీలు ఎత్తు మారి ఉన్నవి, పరిశీలించవలెను" అని మాత్రం రాశాను. రంగు మీద ఎవరైనా అడగొచ్చు.

"ఈ రంగు సంగతికి ఎవరొస్తారమ్మాయ్?" అని బాబాయి నీరసపడ్డాడు.

"వస్తారు. సులువైన అర్జీ కదా, ముందు దాన్నే తీస్తారు."

అలాగే అయింది. గడువు ఇంకా నాలుగు రోజులుందనగా ఒక పొద్దున ఆఫీసు నుంచి జీపు వచ్చింది. దిగినావిడ కొత్త అధికారిణి. అందరూ మేడం అంటున్నారు. నెత్తిన టోపీ, చేతిలో ఫైలు, తొందరగా తేల్చుకుని వెళ్లిపోదామన్న ముఖం. వెనకాల పాత గుమస్తా వచ్చాడు. కంపెనీ తరఫున ఒక మేనేజరు వచ్చాడు. ఎంత ఎండలోనూ చొక్కా మడత నలగని మనిషి. బాబాయి అతనికి "ఇస్త్రీ" అని పేరు పెట్టాడు. ఇస్త్రీ పక్కన మా తమ్ముడు పుస్తకం చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. వీధి సగం వాగు ఒడ్డున చేరింది.

"ఎత్తు మారిందని ఎలా అంటున్నారు?" అని మేడం అడిగింది.

బాబాయి నన్ను చెట్టు దగ్గరికి నడిపించాడు. నేను వీపు ఆనించి నిలబడ్డాను. పట్టీ నా తల పైన ఉంది.

"ఈ అమ్మాయి అయిదడుగులు మేడం. నియమం ప్రకారం పట్టీ గడ్డం దగ్గర ఉండాలి."

మేడం నన్ను పైకీ కిందికీ చూసింది. గుమస్తా ఆవిడ చెవిలో ఏదో చెప్పాడు. నేనెవరో చెప్పి ఉంటాడు. "మీరు కొలతల మీద మాట్లాడకూడదు, తెలుసు కదా?" అంది.

"నేను ఏమీ మాట్లాడలేదు మేడం. నిలబడ్డాను."

అందరూ నవ్వారు. మేడం కూడా నవ్వు ఆపుకుని ఇస్త్రీ వైపు తిరిగింది. "పట్టీలు ఎత్తుగా ఉన్న మాట నిజమే. ఏమంటారు?"

ఇస్త్రీ తయారుగానే వచ్చాడు. "రంగు వేసింది కూలీలు మేడం. కింద ముళ్ల పొదలు అడ్డమొచ్చి ఉంటాయి, చెయ్యి అందినచోట వేసుకుంటూ పోయారు. కొలత మాత్రం సరైన ఎత్తులోనే జరిగింది. పుస్తకంలో అంకె ఉంది, లైసెన్సున్న మనిషి సంతకం ఉంది. రంగు కాస్త పైకి వేస్తే చెట్టుకేమవుతుంది?"

"రంగు వేరే సంగతే," అంది మేడం. ఆవిడకు ఆ జవాబు చాలు. ఫైలు మూయబోతూ మా తమ్ముడిని అడిగింది. "అంతేనా?"

వాడు తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు. తల ఊపితే చాలు. కూలీలు వేశారనుకుంటే చాలు. పర్మనెంటు పని వాడిది, అయిదెకరాలూ కంపెనీవి. పట్టీలు తనవి కావని అనడానికి వాడి మనసు ఒప్పడం లేదని నాకొక్కదానికే తెలుస్తోంది. "అంతే..." అని మొదలుపెట్టాడు.

నేను మేడంతో మాట్లాడలేదు. బాబాయి వైపు తిరిగి, అందరికీ వినపడేలా అన్నాను.

"నిజమే అయ్యుంటుంది బాబాయ్. మా వాడికి మొదటి నుంచీ పట్టీ వేయడం రాదు. టేపు ఒకచోట, పట్టీ ఇంకొకచోట. నాన్న చూస్తే తిడతాడని ఎన్నిసార్లు నేను వెనకాల వెళ్లి చెరిపి మళ్లీ వేశానో. కూలీలు వేశారంటున్నారు గానీ, వీడు వేసినా ఇలాగే ఏడుస్తుంది."

అబద్ధం. వాడి పట్టీ ఒక్కటి కూడా నేనెప్పుడూ ముట్టుకోలేదు. ముట్టుకోవలసిన అవసరం వాడెప్పుడూ రానివ్వలేదు.

"ఏంటక్కా నువ్వనేది?" అన్నాడు.

"ఉన్న మాటే."

"నువ్వు చెరిపి వేశావా? నా పట్టీలు?" వాడి ముఖం కందిపోయింది. ఇస్త్రీ వాడి మోచెయ్యి పట్టుకున్నాడు, విదిలించుకున్నాడు. "పదిహేడేళ్లు! పదిహేడేళ్లలో ఒక్క పట్టీ తప్పు పడిందని ఎవడినైనా చెప్పమను. కూలీలూ లేరు, ఎవరూ లేరు. ఈ అయిదెకరాల్లో ప్రతి పట్టీ నా చేత్తో నేనే వేశాను. టేపు ఎక్కడ పెట్టానో అక్కడే వేశాను. వేలెడు తేడా ఉంటే నా చెయ్యి నరుక్కుంటాను!"

వాగు అవతల ఎవరో దగ్గారు. ఇస్త్రీ ఆకాశం వంక చూశాడు. మా తమ్ముడు ఇంకా నన్నే చూస్తూ రొప్పుతున్నాడు.

"మేడం, రాసుకోమంటారా?" అన్నాడు గుమస్తా.

"రాసుకో," అంది మేడం. టోపీ తీసి నుదురు తుడుచుకుని, ఫైలు మళ్లీ తెరిచింది.

వారం తిరగ్గానే పక్క ఊరి నుంచి లైసెన్సున్నవాళ్లు ఇద్దరు వచ్చి నాలుగున్నర అడుగుల దగ్గర కొలిచారు. మూడొందల నలభైనాలుగు తేలాయి. నా లెక్కతో ఒక్కటి తేడా లేదు. అయిదెకరాల చుట్టూ తోపు అని బోర్డులు పాతారు. ఇస్త్రీ మళ్లీ మా వీధిలో కనపడలేదు. డ్రైవరు బాబాయి వీధి అందరికీ టీలు పోయించి, బస్సు హారను మోగించినట్టు నోటితో మోగించాడు. ఆడవాళ్లు నా చేతులు పట్టుకున్నారు. మా తమ్ముడి లైసెన్సు రద్దయిందని గుమస్తా నాకు దారిలో ఆపి చెప్పాడు. ఇక జన్మలో ఆ ఆఫీసులో వాడి మాట గానీ, సంతకం గానీ చెల్లదట. ఆ మాట విన్నప్పుడు నా అడుగులు తేలికయ్యాయి. షాపు దాకా నడిచి వెళ్లాను, బస్సు ఎక్కబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ మిషను ముందు కూర్చుని ఉంది. కుట్టడం లేదు.

"ఇప్పుడు నీకేం ఒరిగిందే?" అంది.

"కడుపు చల్లబడింది."

"వాడి కడుపు మాడ్చి."

"నాది మాడినప్పుడు నువ్వు అంచులు కుట్టుకున్నావమ్మా. ఇప్పుడూ కుట్టుకో."

అంత మాట అనకుండా ఉండవలసింది. అన్నాను. అమ్మ లేచి పైకి వెళ్లింది. ఆ రోజు నుంచి అన్నం పైనే తింది. మిషను మాత్రం కింద ఉండేది. మధ్యాహ్నం నేను లేనప్పుడు వచ్చి కుట్టి, అంచులు మడతపెట్టి, నా మంచం మీద పెట్టి వెళ్లేది. మా ఇద్దరి మధ్యా ఆ గుడ్డలే అటూ ఇటూ తిరిగేవి.

మొదటి వానలు పడ్డాక వాళ్లు వెళ్లిపోయారు. మరదలి అన్నగారి ఊళ్లో గోడలకు రంగులు వేసే పని చూశారట. అమ్మ కూడా వెళుతోందని మరదలు చెప్పింది. "మీరు కూడా రండి వదినా" అని నోటిమాటకైనా అనలేదు. ఆమె స్థానంలో నేనైనా అనేదాన్ని కాదు.

పొద్దున్నే లారీ వచ్చింది. మంచాలు, బీరువా, అమ్మ మిషను ఎక్కించారు. చినుకులు పడుతున్నాయి. పట్టా పరిచి తాడు బిగించాలి. అవతలి కొస పట్టుకునేవాళ్లు లేక తమ్ముడు తడుముకుంటుంటే నేను వెళ్లి పట్టుకున్నాను. వాడు కాదనలేదు. ఇటు వాడు లాగుతుంటే అటు నేను లాగుతున్నాను.

"ఆ మాట కావాలనే అన్నావు కదా?" అన్నాడు తాడు మీదే చూపు పెట్టి.

"అవును."

"తెలుసు. నువ్వంటున్నప్పుడే తెలిసింది, నాకు ఎర వేస్తున్నావని. అయినా పడ్డాను."

"పడతావని నాకూ తెలుసు."

వాడు ముడి వేసి, ఇంకోసారి లాగి చూశాడు. తర్వాత లారీ ఇవతలి పక్కకు వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. వాన నీళ్లు ముఖం మీద కారుతుంటే తుడుచుకోలేదు.

"పోయినేడాది నీ లెక్కలో ఒక్క చెట్టు తప్పు లేదక్కా. నేను కొలవను కూడా కొలవలేదు. గట్టు మీద కూర్చుని అంకెలు రాసుకొచ్చాను."

ఏడాదంతా ఈ మాట కోసమే కాచుకున్నాను. వాడి నోటి నుంచి ఇది వినాలని కలలు కూడా కన్నాను. వినగానే నా నోట్లోంచి వచ్చింది ఒకటే మాట.

"అది కాగితం మీద రాసి సంతకం పెట్టివ్వరా. నా ఫైలు ఇంకా మూయలేదు."

వాడు నన్ను వింతగా చూశాడు. హేళన లేదు ఆ చూపులో, జాలి ఉంది.

"పెడతాను. కానీ నా సంతకం ఇప్పుడు ఎక్కడ చెల్లుతుందక్కా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక తాడు కొస వదిలేశాను. నా లెక్క నిజమని చెప్పగల నోరు ఊరు మొత్తానికీ అదొక్కటే. ఆ నోటికి విలువ లేకుండా చేసింది నేనే. అంత బాగా కొలుచుకుని మరీ చేశాను.

వాడు ముందు సీట్లో అమ్మ పక్కన ఎక్కాడు. అమ్మ చీర కొంగు తల మీదుగా లాక్కుని రోడ్డు వంకే చూస్తోంది. లారీ కదిలింది. వీధి చివర, తోపు బోర్డు పక్కగా తిరిగి, చెట్ల వెనక కనపడకుండా పోయింది. ఆ చెట్లే లేకపోతే మెయిన్ రోడ్డు దాకా కనపడేది.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. పరదాల షాపులోనే ఉన్నాను. వాళ్ల దగ్గర్నుంచి పండక్కో పబ్బానికో మరదలు ఫోన్ చేస్తుంది, అమ్మ బాగానే ఉందంటుంది. పశ్చాత్తాపం ఉందా అని డ్రైవరు బాబాయి ఒకసారి అడిగాడు. ఆయన్ను నొప్పించడం ఇష్టం లేక ఏదో చెప్పాను. నిజం ఏమిటంటే, మళ్లీ ఆ పొద్దున వచ్చి, వాడు మళ్లీ ఆ చెప్పుల వంక చూసుకుంటూ "అంతే" అనబోతే, నేను మళ్లీ అదే మాట అంటాను. అమ్మ అడిగితే ఆవిడకూ అదే చెబుతాను.

అమ్మ అడగదు.